కుర్చీలు మార్పించిన పెదనాన్న

పెదనాన్న పోయారని ఫోన్ వచ్చినప్పుడు నా నోట వచ్చిన మొదటి మాట "అయ్యో" కాదు. "కరెంట్ ఉందా?" అని అడిగాను.

ఫోన్ చేసింది వాళ్ళ పై క్వార్టర్లో ఉండే సిస్టరమ్మగారు. గుంటూరు వైపు మనిషి, నర్సుగా రిటైరయ్యారు. ఇలాంటి కబురు ఎన్ని ఇళ్ళకి చెప్పి ఉంటారో. అయినా నా ప్రశ్నకి ఆవిడ కూడా తడబడ్డారు. "కరెంటా? పొద్దున పోయిందమ్మా..." అని ఇంకేదో చెప్పబోతుంటే ఎవరో వచ్చినట్టున్నారు, "నువ్వు ముందు వచ్చెయ్యి, మాట్లాడదాం" అని పెట్టేశారు.

అలా ఎందుకు అడిగానో చెప్పాలి. ఏడాదిగా పెదనాన్న ఊపిరి కరెంట్ మీద నడుస్తోంది. గదిలో గాలిని లాక్కుని, అందులోంచి ఆక్సిజన్ వడగట్టి, సన్నని గొట్టంతో ముక్కుకి అందించే యంత్రం ఒకటి ఆయన మంచం పక్కన ఉండేది. కరెంట్ పోతే దానికి ఇన్వర్టర్. ఇన్వర్టర్ కూడా అయిపోతే ఆక్సిజన్ సిలిండర్. ఈ ఏర్పాటు మొత్తం నాది. కాగితం మీద డబ్బాలు గీసి, బాణాలు వేసి గోడకి అంటించింది నేనే. నా ఉద్యోగం కూడా అదే. ఎక్కడికి ఎంత గ్యాస్ కావాలి, ఎంత కరెంట్ కావాలి, ఒకటి తగ్గితే రెండోది ఎలా ఆదుకోవాలి అని ముందుగా ప్లాన్ గీసి పెట్టడం.

నెహ్రూ నగర్‌లో మా ఆఫీసు నుంచి వాళ్ళ క్వార్టర్ ఉన్న సెక్టర్ 4కి ఇరవై నిమిషాల దారి. ఆ రోజు పొద్దున్నే ఆంధీ వచ్చి వెళ్ళింది. మేలో మాకది మామూలే. దుమ్ము, ఈదురుగాలి, నాలుగు చినుకులు, రోడ్డు నిండా వేపరెమ్మలు. సుపేలా చౌక్‌లో సిగ్నల్ దీపాలు ఇంకా వెలగడం లేదు. స్కూటీ మీద కూర్చుని వాటినే చూస్తూ ఉండిపోయాను. నా బాణాల్లో ఏదో ఒకటి తప్పింది, ఆయన గాలి అందక పోయారు. దారంతా ఇదే మాట.

ముందే చెప్పేస్తాను, ఏదీ తప్పలేదు. అందుకే ఇంత నింపాదిగా రాయగలుగుతున్నాను. కానీ ఎందుకు తప్పలేదో చెప్పాలంటే ఆయన గురించి చెప్పాలి, ఆయన కుర్చీల గురించి చెప్పాలి.

పెదనాన్న అంటున్నాను గానీ మాది రక్తసంబంధం కాదు, గోడ సంబంధం. మా నాన్నా ఆయనా విజయనగరం దగ్గర పక్కపక్క ఊళ్ళ వాళ్ళు, ఇద్దరూ పని కోసం భిలాయి వచ్చి ఒకే గోడకి అటూ ఇటూ క్వార్టర్లలో దిగారు. పెదనాన్న వాళ్ళకి పిల్లల్లేరు. మా ఇంట్లో కూర నచ్చకపోతే కంచం పట్టుకుని వాళ్ళింటికి పోయేదాన్ని. నేను ఇక్కడే పుట్టిన దాన్ని, హిందీ గలగలా వచ్చు, తెలుగు అంతంతమాత్రం. హాస్టల్లో చదువుకునే రోజుల్లో వారానికో ఉత్తరం తెలుగులో రాయమని ఆయన పట్టుబట్టారు. ఫోన్లుండగా ఉత్తరాలేంటని నేను గొణిగితే "ఫోన్లో నువ్వు సెప్పిందాన్ని రేపు నేను ఎక్కడెట్టుకుని సూడను?" అనేవారు. తప్పులకి ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి తిరిగి పంపేవారు. ఈ నాలుగు ముక్కలు ఈ భాషలో రాస్తున్నానంటే ఆయన పెట్టిన భిక్షే. ఇందులో ఎన్ని సున్నాలు చుట్టేవారో మరి.

ఆయన పని ఇక్కడి ఉక్కు ప్లాంట్‌లో ఎనర్జీ కంట్రోల్ రూమ్‌లో, షిఫ్ట్ ఇన్‌చార్జి. ఉక్కు ఫ్యాక్టరీ అంటే అందరికీ ఎర్రగా కాగే ఇనుము గుర్తొస్తుంది. ఆయనకి గాలి గుర్తొచ్చేది. బొగ్గుని కోక్‌గా కాల్చే పొయ్యిల్లోంచీ, బ్లాస్ట్ ఫర్నేసుల్లోంచీ వచ్చే గ్యాస్‌ని ఊరికే పోనివ్వరు. గొట్టాల్లో పట్టి, కడిగి, కొంత మిల్లులకీ కొంత బాయిలర్లకీ పంపుతారు. బాయిలర్ ఆవిరితో కరెంట్ తయారవుతుంది. ఆ గ్యాస్‌ని గొట్టాల్లో తోసే ఫ్యాన్లు మళ్ళీ ఆ కరెంట్‌తోనే తిరుగుతాయి. ఒకదాని తోక ఒకటి పట్టుకున్న వ్యవహారం. గ్యాస్ ఎక్కువైతే దాచడానికి పెద్ద ట్యాంక్ ఉంటుంది, లోపలికి గ్యాస్ వస్తే దాని మూత పైకి లేస్తుంది, వాడితే దిగుతుంది. చిన్నప్పుడు నన్ను స్కూటర్ మీద తీసుకెళ్ళి దూరం నుంచి చూపించి "సూడు, అది ఊపిరి తీస్తన్నాది" అన్నారు. నేను నమ్మేసి, దానికి ముక్కెక్కడుందని అడిగానట. పెద్దయ్యాక కూడా నలుగురిలో ఆ మాట చెప్పి నా పరువు తీసేవారు.

ఇంజనీరింగ్ అయ్యాక ఆరు నెలల ట్రైనింగ్‌కి ఆయన దగ్గరే పడ్డాను. ఆ గదిలో రెండు బల్లలు. ఒకటి గ్యాస్ వాళ్ళది, రెండోది కరెంట్ వాళ్ళది. పెదనాన్న ఇన్‌చార్జి కాకముందు ఈ రెండు బల్లల వాళ్ళూ కలిసి టీ కూడా తాగేవాళ్ళు కాదట. వీళ్ళని అడిగితే "కరెంటోళ్ళకి తిక్క", వాళ్ళని అడిగితే "గ్యాసోళ్ళకి పొగరు". అలా లాభం లేదని ఆయన ఒక పద్ధతి పెట్టారు. షిఫ్ట్ మొదలవగానే పది నిమిషాలు కుర్చీలు మారాలి. గ్యాస్ వాడు కరెంట్ కుర్చీలో, కరెంట్ వాడు గ్యాస్ కుర్చీలో. బోర్డు మీద చెయ్యి వెయ్యకూడదు. ఆయన మధ్యలో నిలబడి ఒకటే ప్రశ్న అడుగుతారు: "ఏటి ఆగితే ఏటి ఆగుతాది?"

మొదటి రోజు నన్ను గ్యాస్ కుర్చీలో కూర్చోబెట్టారు.

"నేను ఎలక్ట్రికల్ కదా పెదనాన్నా."

"అందుకే కూకో. ఇప్పుడు కరెంట్ పోయినాది. నీ దగ్గర ఏటి ఆగుతాది?"

"ఇది గ్యాస్ కదా. ఏమీ ఆగదు."

ఆయన నవ్వలేదు. అదే నాకు మంట. కూజాలోంచి గ్లాసుడు నీళ్ళు వంచి నా ముందు పెట్టి, "తాగి ఆలోసించు" అన్నారు. నీళ్ళు అయిపోయేసరికి నాకు ఫ్యాన్లు గుర్తొచ్చాయి. తర్వాత నీళ్ళ పంపులు. తర్వాత, నా ముందున్న బోర్డు మీద వెలుగుతున్న దీపాలే కరెంట్‌వి కదా అని. నా మొహం చూసి "కాగితం మీద కరెంట్ ఎప్పుడూ పోదే అమ్మడూ. అదే దాంతో బాధ" అన్నారు. ఆ మాట ఇవాళ మా ఆఫీసులో నా బల్ల పైన అంటించి ఉంది, అందులో తప్పుల్లేవు.

ఆ గదిలో ఇంకో నియమం. ఎవరు ఏ మాట చెప్పినా విన్నవాడు దాన్ని తిరిగి చెప్పాలి. "గ్యాస్ తగ్గిస్తున్నాం" అంటే అవతలివాడు "సరే" అనకూడదు, "గ్యాస్ తగ్గిస్తున్నారు, విన్నాను" అనాలి. ఇంట్లో కూడా ఇదే. పెద్దమ్మ ఉప్పు తెమ్మంటే "ఉప్పు తేవాలి, ఇన్నాను" అనేవారు. తెచ్చేది మాత్రం పంచదార.

రిటైరయ్యాక కుర్చీల పిచ్చి ఇంట్లోకి వచ్చింది. ఆదివారం ఆయన వంట, పెద్దమ్మ ఆయన పనులు. ఆవిడ మీటర్ రీడింగ్ రాసుకుని, పేపర్ చదివి, "ఏటండీ, టీ అయినాదా?" అని వీధి గదిలోంచి అరిచేది, అచ్చం ఆయన గొంతుతోనే. మొదటి ఆదివారమే ఆయన వంటింట్లో ఉప్పు డబ్బా కోసం స్టూల్ ఎక్కాల్సి వచ్చింది. ఆ డబ్బా ఉండే అర బిగించింది ఆయనే, స్టూల్ ఎక్కి, ఎంత ఎత్తో చూసుకోకుండా. స్టూల్ మీద నిలబడే పెద్దమ్మని పిలిచారు.

"ఏమే, ఇన్నేళ్ళూ ఇది ఎక్కే ఉప్పు తీసుకుంటన్నావేటి?"

"మరేటి, ఎగిరి తీసుకుంటానా?"

"సెప్పొచ్చు కదే!"

"మీరడిగినారేటి?"

ఆ సాయంత్రానికల్లా ఆ అర ఒక మూరెడు కిందికి దిగింది. మేకులు ఊడదీసిన చోట కన్నాలు ఇప్పటికీ గోడ మీద ఉన్నాయి.

ఏడాది కిందట ఆయన ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయని, రోజంతా ఆక్సిజన్ ఉండాలని డాక్టర్లు చెప్పారు. యంత్రం వచ్చిన రోజు ముక్కుకి గొట్టం తగిలించుకుని అద్దంలో చూసుకుని, "ఇన్నాళ్ళకి నాకు ముకుతాడు ఏసినారే" అని పెద్దమ్మతో అన్నారు. ఆవిడ "పెళ్ళినాడే ఎయ్యాల్సింది" అంది. ఆక్సిజన్ ఉన్న చోట నిప్పు ఉండకూడదని ఆయనే పట్టుబట్టి పూజ దీపాన్ని వెనక గదికి మార్పించారు. దేవుడి దగ్గర ఊదొత్తి కూడా వద్దన్నారని పెద్దమ్మ రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

అప్పుడే నేను నా ప్లాన్ గీశాను. సిలిండర్ మీటలు బిగువుగా ఉంటాయి. పెద్దమ్మ చేతులకి కీళ్ళవాతం, వేళ్ళు ముడుచుకుపోయాయి, తిప్పడం ఆవిడ వల్ల కాదు. కాబట్టి పై నుంచి సిస్టరమ్మగారు దిగి వచ్చి తిప్పాలి. ఆవిడని పిలవడానికి మంచం పక్కన ఒక మీట, ఆవిడ వంటింట్లో ఒక గంట. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటారు. పెద్దమ్మ ఫోన్ ఎప్పుడూ వెనక గదిలో చార్జింగ్‌లో ఉంటుంది. సిస్టరమ్మగారు ప్రార్థన కోసం ఫోన్ సైలెంట్‌లో పెట్టి, మళ్ళీ తియ్యడం మర్చిపోతారు. అందుకే గంట. గోడకి కాగితం అంటించి, చేతులు దులుపుకుని, ఎలా ఉందని అడిగాను.

"బాగున్నాది. కుర్చీలు మారుదాం" అన్నారు.

నేను వద్దంటే వింటారా. నన్ను ఆయన మంచం మీద కూర్చోబెట్టారు, నేను రోగిని. పెద్దమ్మని నా కుర్చీలో కూర్చోబెట్టారు, ఆవిడ ఇంజనీరు. ఆయన విడిగా ఉన్న ఇంకో చిన్న సిలిండర్ గొట్టం తగిలించుకుని, పెద్దమ్మ కూర్చునే పేము కుర్చీలో కూర్చుని రెండు చేతులూ పిడికిళ్ళు బిగించేశారు. ఆ పిడికిలితోనే సైగ చేసి నా చేత మెయిన్ స్విచ్ ఆపించారు. ఇన్వర్టర్ అందుకుంది, యంత్రం ఆగలేదు. నేను గర్వంగా చూశాను. "అది కూడా అయిపోనాది అనుకో" అని దాన్నీ ఆపించారు. యంత్రం ఆగి కీచుమంది. ఆయన పిడికిళ్ళతో పెద్ద సిలిండర్ మీట తిప్పబోయి, తిప్పలేక, "నా సేతులు పన్జెయ్యవు. సిస్టరమ్మని పిలవాలి" అంటూ గంట మీట నొక్కారు.

చప్పుడు లేదు. మళ్ళీ నొక్కారు. పైన సిస్టరమ్మగారు చక్కగా ఏదో కీర్తన పాడుకుంటున్నారు.

గంట మామూలు కరెంట్ లైన్ మీద ఉంది. వైరింగ్ చేసినతను "గంటని కూడా ఇన్వర్టర్‌కి కలపనా దీదీ?" అని హిందీలో అడిగాడు. గంట ఎంత తింటుంది, ఉన్న చోటే ఉండనివ్వు అన్నది నేనే. కరెంట్ పోయిందని పిలవడానికి కరెంట్‌తో మోగే గంట పెట్టాను.

ఇంజనీరు కుర్చీలో ఉన్న పెద్దమ్మ మొహం గంభీరంగా పెట్టి, "ఈ ప్లాను గీసినోలెవులు?" అంది. పెదనాన్న నవ్వి నవ్వి దగ్గు తెర పట్టి, ఆ దగ్గులోనే మెయిన్ స్విచ్ వెయ్యమని చేత్తో సైగ చేశారు. దగ్గు తగ్గాక నావైపు చూసి నెమ్మదిగా అడిగారు: "మరి నీ పెద్ద ప్లాన్లో గంట ఎక్కడున్నాది అమ్మడూ?"

పెద్ద ప్లాన్ అంటే అప్పుడు నేను చేస్తున్న పని. మా ఊరి పక్క జాముల్ వైపు కొన్ని చిన్న ఫ్యాక్టరీలకీ, చుట్టుపక్కల కాలనీలకీ పైప్‌లైన్ గ్యాస్ వస్తే దాన్నీ కరెంట్‌నీ ఎలా కలిపి నడపాలన్నది. పగలు సోలార్ కరెంట్ ఉంటుంది. సాయంత్రం ఎండ దిగాక గ్యాస్ ఇంజన్లు అందుకుంటాయి. వారంలో పెద్దల ముందు పెట్టాలి. ఆయన ఆ మాట అనేసరికి నాకు ఒళ్ళు మండింది. "ఇంటి గంటకీ దానికీ పోలికేటి పెదనాన్నా? పన్నెండేళ్ళుగా చేస్తున్నాను ఈ పని!" అని గట్టిగానే అన్నాను. పెద్దమ్మ పెట్టిన ఉప్మా తినకుండా వచ్చేశాను. ఆకలితో ఉన్న కోపం మరీ చెడ్డది.

మర్నాడు పొద్దున ఆఫీసుకి వెళ్ళి, కోపం దిగక, ఆయన మాట అబద్ధమని చూపించడానికే ఆ పని చేశాను. మా గ్యాస్ సెక్షన్‌లో రాయ్‌పూర్ నుంచి వచ్చిన ఒకతను ఉన్నాడు. అతన్ని నా కుర్చీలో కూర్చోమని, నేను అతని కుర్చీలో కూర్చున్నాను. అతని కాగితాలు నా చేతిలో, నావి అతని చేతిలో. నా దగ్గర ఒక జాబితా ఉంది, కరెంట్ చాలని రోజున ముందుగా ఏ లైన్లు ఆపాలో. ఇళ్ళకీ ఆసుపత్రులకీ కష్టం రాకూడదని జాగ్రత్తగా తయారు చేసింది. అతను దాన్ని చదువుతూ చదువుతూ వేలు ఒక చోట ఆపాడు.

"మేడమ్, యే లైన్ తో హమారీ హై!"

వాళ్ళదే. ఆ లైన్ చివర ఒక మోటారు ఉంది. వచ్చే గ్యాస్‌కి ఒత్తిడి చాలదు కాబట్టి దాన్ని తోసే యంత్రం ఆ మోటారుతో తిరుగుతుంది. నా కాగితంలో అది ఊరి బయట ఒక చిన్న మోటారు, ఆపినా ఎవరికీ నష్టం లేనిది. అతని కాగితంలో ఆ మోటారుకి కరెంట్ ఎప్పుడూ ఉంటుంది. ఒక సాయంత్రం కరెంట్ చాలలేదనుకోండి. నేను ఆ లైన్ ఆపుతాను. గ్యాస్ ఒత్తిడి పడిపోతుంది. గ్యాస్ ఇంజన్లు ఆగుతాయి. కరెంట్ ఇంకా తగ్గుతుంది. ఎవరి కాగితం వాళ్ళకి సరిగ్గానే ఉంది. రెండూ పక్కపక్కన పెడితే కాలనీలన్నీ చీకట్లో ఉన్నాయి.

ఆ సాయంత్రం ఆయనకి ఫోన్ చేశాను.

"పెదనాన్నా, గంట దొరికింది."

"ఎక్కడ?"

చెప్పాను. అంతా విని, "ఇప్పుడేటి సేస్తావు?" అన్నారు. ఆ లైన్‌ని ఆపే జాబితాలోంచి తీసేస్తాం, తోసే యంత్రాల్లో ఒకటి కరెంట్‌తో పని లేకుండా గ్యాస్‌తోనే తిరిగేలా పెడతాం, పైపుల్లో కొంత గ్యాస్ ఎప్పుడూ అదనంగా నింపి ఉంచుతాం, రెండు ఇంజన్లు డీజిల్‌తో కూడా నడిచేలా తీసుకుంటాం అన్నాను. "తిరిగి సెప్పు" అన్నారు. తిరిగి చెప్పాను. అప్పుడు "రేపొచ్చి ఉప్మా తిను. మీ పెద్దమ్మ అది నిన్నట్నుంచి నాకే పెడతన్నాది" అన్నారు. నేను క్షమించమని అడగాలనుకున్న మాట అలాగే ఉండిపోయింది. ఆయనకి అది అక్కర్లేకపోయింది కూడా.

ఇంటి గంట ఏమైందంటే, దాన్ని ఇన్వర్టర్‌కి కలుపుతానంటే ఆయన ఒప్పుకోలేదు. "కరెంట్‌తో పన్లేనిది ఒకటుండాలి" అన్నారు. పెద్దమ్మ అన్నం తినే స్టీలు కంచానికి అంచున కన్నం పెట్టి మంచం పక్కన మేకుకి వేలాడదీశారు. దాని పక్కనే అన్నం గరిటె. పెద్దమ్మ వేళ్ళకి పట్టు దొరకాలని గరిటె కాడకి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి లావు చేశారు. కంచం మోగితే సిస్టరమ్మగారు పై నుంచి రోకలితో నేల మీద రెండు దెబ్బలు వెయ్యాలి. విన్నాను, వస్తున్నాను అని దాని అర్థం. ప్రతి ఆదివారం పదింటికి పరీక్ష. కంచం మోగేది, పైన రెండు దెబ్బలు పడేవి, పక్క బ్లాకు భాభీ మళ్ళీ మొదలెట్టారంటూ కిటికీలోంచి "ఫిర్ శురూ హో గయా!" అని అరిచేది. ఒక ఆదివారం సిస్టరమ్మగారు "అన్నయ్యగారూ, చర్చి టైముకి మీ పరీక్షలేంటండీ?" అని తగువు పెట్టుకుంటే సమయం మధ్యాహ్నానికి మారింది. పరీక్ష మాత్రం ఒక్క వారం కూడా మానలేదు.

ఇదంతా తెలిసి కూడా ఆ రోజు సుపేలా చౌక్‌లో నేను భయపడ్డాను. ఆదివారం పరీక్ష వేరు, అసలు రోజు వేరు.

నేను వెళ్ళేసరికి ముందు గదిలో ఇద్దరు ముగ్గురు ఉన్నారు. లోపల యంత్రం ఇంకా నడుస్తోంది, ఎవరూ ఆపలేదు. ఆ చప్పుడు వింటూ గుమ్మంలోనే కూర్చున్నాను. పెద్దమ్మ ఆయన వాలుకుర్చీలో కూర్చుని ఉంది. నన్ను చూసి ఏడవలేదు. చెప్పాల్సింది ముందు చెప్పెయ్యాలన్నట్టు, "అమ్మడూ, కంచం మోగినాది" అంది.

సిస్టరమ్మగారు నా పక్కన నేల మీద కూర్చుని వరసగా చెప్పారు. "గాలికి కొమ్మ విరిగి తీగ మీద పడింది కదా, ఎనిమిదింటికి పోయింది కరెంట్. ఇన్వర్టర్ నడిచినంతసేపు నడిచింది. అది కీచుమనగానే వదిన కంచం అందుకుంది. నేను రెండు దెబ్బలు కొట్టి దిగొచ్చాను. మీట తిప్పాను. వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టి చూశాను, అంకె ఎక్కడా జారలేదు. పదకొండు దాటాక కరెంట్ వచ్చింది, మళ్ళీ యంత్రానికి మార్చాను. అర గ్లాసు టీ తాగారు, జోకులేశారు. నేను పైకెళ్ళిన గంటకి వదిన మళ్ళీ కంచం కొట్టింది. వచ్చేసరికి గుండె ఆగింది. అది గాలి కొరత కాదమ్మా. ఇన్నేళ్ళు చేసిన ఉద్యోగం మీద ఒట్టేసి చెబుతున్నాను, గాలి కొరత కాదు. నిద్రలో వెళ్ళారు. ప్రభువు చల్లగా తీసుకున్నాడు."

నేను తిరిగి చెప్పాను. "గాలి కొరత కాదు."

"కాదు" అన్నారావిడ.

అప్పుడు పెద్దమ్మ అంది: "టీ తాగి, నీ సేతులు నొప్పెడతన్నాయి, నువ్వు నా వాలుకుర్చీలో కూకో అని నన్ను ఇందులో కూకోబెట్టినారు. ఆయన నా పేము కుర్చీలో కూకున్నారు. అమ్మడికి సెప్పు, అంతా బాగా నడిసినాదని. ఇప్పుడొద్దు, పన్లో ఉంటాది, సాయంత్రం సెప్దువు అన్నారు. ఇన్నాను, సాయంత్రం సెప్పాల అన్నాను నేను. కళ్ళు మూసుకున్నారు."

అప్పుడు లేచి, ఆయన్ని పడుకోబెట్టిన చోటికి వెళ్ళి ఏడ్చాను. అందులో దుఃఖం ఎంతో, తేలిక ఎంతో విడదీసి చెప్పలేను. అబద్ధమెందుకు, తేలికే ఎక్కువ. పోయిన మనిషి కాళ్ళ దగ్గర కూర్చుని హమ్మయ్య అనుకున్నాను. ఆయన వింటే తప్పు పట్టేవారు కాదు.

పెద్దకర్మ అయిన సాయంత్రం చుట్టాలందరూ వెళ్ళిపోయారు. పెద్దమ్మ, నేను మిగిలాం. అద్దెకి తెచ్చిన సామాను తిరిగి వెళ్ళింది. వాళ్ళింటి కంచాలన్నీ తోమడానికి పెరట్లో పడి ఉన్నాయి. పెద్దమ్మ గదిలోకి వెళ్ళి మంచం పక్కన మేకుకి వేలాడుతున్న కంచాన్ని తీసి, కడిగి, నా ముందు పెట్టింది. నిండా సొట్టలు. వాటిలో ఆదివారాలవి ఏవో, ఆ పొద్దుటివి ఏవో తెలియలేదు. రబ్బరు చుట్టిన ఆ గరిటెతోనే అన్నం వడ్డించింది. అంటుకున్న మెతుకులు రాలడానికి, అలవాటు కొద్దీ గరిటెని కంచం అంచుకి ఠంగున కొట్టింది.

పైన నేల మీద రెండు దెబ్బలు పడ్డాయి. ఆ వెంటనే మెట్ల మీద సిస్టరమ్మగారి చెప్పుల చప్పుడు, గబగబా.

పెద్దమ్మ ఇంటి కప్పుకేసి చూసింది. తర్వాత పెరట్లోకి వెళ్ళి ఇంకో కంచం కడిగి తెచ్చి నా పక్కన పెట్టింది.